నాలుగు కోతల సగటు

భద్రాచలం పట్నం అంచు దాటితే రాష్ట్రం మారుతుంది. 2014లో పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు రాములవారి గుడి ఉన్న పట్నం తెలంగాణలో మిగిలింది, దాన్ని ఆనుకునే ఉన్న ఎటపాక అటు వెళ్లింది. నేల ఒకటే, గోదారి ఒకటే. పంటల బీమా మాత్రం గీతకు అటొకలా ఇటొకలా నడిచింది. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్‌లో మొదలైంది. 2020 ఖరీఫ్‌కు రెండు రాష్ట్రాలూ అందులోంచి బయటికొచ్చాయి. 2022 ఖరీఫ్‌లో ఆంధ్రప్రదేశ్ తిరిగి చేరింది.

వడగళ్లు, ముంపు వంటి కొన్ని నష్టాలను పక్కన పెడితే, ఈ బీమాలో ఒక్కో రైతు పొలం చూసి పరిహారం ఇవ్వరు. యూనిట్ మొత్తానికి సగటు దిగుబడి ఎంతో చూస్తారు. ఆ సగటు పంట కోత ప్రయోగాల్లోంచి వస్తుంది. గ్రామ పంచాయతీయే యూనిట్ అయితే ప్రధాన పంటకు కనీసం నాలుగు కోతలుండాలన్నది పథకం నిబంధన. నాలుగు కోతల సగటును ఎంతవరకు నమ్మవచ్చు? దాన్ని కొలవడానికి స్టాటిస్టిక్స్‌లో ఉన్న పనిముట్టు కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, పాఠ్యపుస్తకాల భాషలో విశ్వాస అంతరం.

ఇక్కడ వాదించుకునే ఇద్దరిలో బావ ఎటపాక వైపు అడవి అంచున వరి, పత్తి వేసే రైతు. బావమరిది ఖమ్మంలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెప్తాడు. నేను ఎవరి పక్కనున్నానో మధ్యలో తెలిసిపోతుంది, దాచను. వాళ్లు చెప్పుకునే ఊరూ, అందులోని బరువులూ వాదన కోసం అనుకున్నవి. ఏ ఊరి రికార్డులోవీ కావు.

బావ: ఊళ్లో ఎనిమిది వందల ఎకరాల వరి ఉందనుకో. మీరు కోసి చూసేదెంత? ఐదు మీటర్ల పొడుగు, ఐదు మీటర్ల వెడల్పు చెక్కలు నాలుగు. నాలుగూ కలిపినా రెండున్నర సెంట్లు నిండదు. దాంతో ఎనిమిది వందల ఎకరాల పంట చెప్తారు. ఇంత ధైర్యం సోది చెప్పేవాళ్లకు కూడా ఉండదు.

బావమరిది: ఊరు ఎనిమిది వందల ఎకరాలైనా, ఎనిమిది వేల ఎకరాలైనా లెక్కలో పెద్ద తేడా రాదు బావా. అన్నం ఉడికిందో లేదో చూడాలంటే కుండంతా తినం గదా, ఒక్క మెతుకు పట్టి చూస్తాం. కుండ పెద్దదైతే రెండు మెతుకులు పట్టాలని లేదు.

బావ: కుండలో నీళ్లు మరుగుతుంటే మెతుకులు కిందా మీదా తిరుగుతయి. అందుకే ఏ మెతుకు పట్టినా ఒకటే. పొలాలు తిరుగుతయా? చెరువు కింద మడి చెరువు కిందనే ఉంటది. అడవి అంచు చెక్క అడవి అంచునే ఉంటది. నీ మెతుకు ఏ మూలదో నాకెట్లా తెలుసు?

బావమరిది: మంచి మాటే అన్నావు. పొలాలు తిరగవు కాబట్టి ఎంపికను తిప్పుతాం. ఏ పొలం కోయాలో వ్యవసాయ శాఖవాళ్లు ఎంచరు, నువ్వూ ఎంచవు, బీమా కంపెనీ కూడా ఎంచదు. యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ఎంచుతుంది.

ఈ ఎంపిక ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఇంటర్వల్ లెక్కంతా దీని మీదే నిలబడుతుంది. ముందు పంట వేసిన సర్వే నంబర్ల జాబితాలోంచి పట్టిక ప్రకారం పొలం ఎంచుతారు. పొలంలోకి వెళ్లాక నైరుతి మూల నిలబడతారు. మళ్లీ పట్టికలో వచ్చిన రెండు సంఖ్యల ప్రకారం పొడుగున ఇన్ని అంగలు, వెడల్పున ఇన్ని అంగలు వేసి, అక్కడ మేకు దిగ్గొడతారు. ఆ మేకు నుంచి ఐదు మీటర్ల చదరం గీసి తాడు కడతారు. ఎదురెదురు మూలల మధ్య దూరం 7 మీటర్ల 7 సెంటీమీటర్లు రాకపోతే చదరం వంకర పోయినట్టు, మళ్లీ కట్టాల్సిందే. లోపలి పైరు కోసి, అక్కడే కొట్టి, తూర్పారబట్టి తూకం వేస్తారు. వాస్తు చెప్పేవాళ్లకు నైరుతి ఎందుకు ముఖ్యమో వాళ్లనే అడగాలి. ఇక్కడ కారణం మాత్రం సాదా సీదా: మూల ముందే ఖాయమైతే, పైరు బాగున్న వైపు నుంచి అడుగులేసే వీలు ఎవరికీ ఉండదు.

బావ: తాడు మీద నిలబడ్డ దుబ్బు సంగతేంది? సగం లోపల, సగం బయట.

బావమరిది: మొదలు లోపలుంటే లోపలిది, బయటుంటే బయటిది.

బావ: కొడవలి పట్టుకున్నోడు వంగి మొదలు చూస్తాడా? కంకి నిండుగా ఉంటే చెయ్యి దానంతట అదే లోపలికి లాగుద్ది. నేనైనా లాగుతా.

ఈ ‘చెయ్యి లాగడం’ భారత గణాంక చరిత్రలో ఒక పెద్ద తగాదా. 1940ల్లో పి.వి. సుఖాత్మే అనే గణాంకవేత్త రకరకాల సైజుల చెక్కలు కోయించి పోల్చి చూశాడు. చెక్క చిన్నదయ్యేకొద్దీ ఎకరా దిగుబడి ఎక్కువగా వస్తోంది. చెక్క చిన్నదైతే లోపలి జాగాతో పోల్చినప్పుడు అంచు ఎక్కువ, అంచున నిలబడ్డ మొక్కలు లోపలికి చేరిపోతున్నాయి. బెంగాల్‌లో చిన్న చెక్కలతోనే సర్వేలు నడుపుతున్న మహలనోబిస్‌కు ఇది రుచించలేదు. సుఖాత్మే తన మాటను 1946లో నేచర్ పత్రికలో అచ్చేయించాడు. ఆ ఇద్దరి వాదన తెలియని బావ కూడా కొడవలి పట్టిన చేతి నుంచే ఆ మాటకు రావడం నాకు ముచ్చటేసింది.

బావ: మా తాతల కాలంలో కరణం గట్టు మీద నిలబడి చూసి, ఈ ఏడు పన్నెండణాల పంట అని రాసుకునేవాడట. పదహారణాల పంటైతే నిండు పంట. కోతా లేదు, తాడూ లేదు. అదే నయం గదా?

బావమరిది: కరణం చెప్పింది కరెక్టే కావచ్చు. కానీ ఎంత తప్పి ఉండొచ్చో ఆయన రాసిన కాగితంలోంచి బయటికి తీయలేం. పట్టికతో చీటీ తీసినట్టు ఎంచి కోస్తే సగటు ఒక్కటే చేతికి రాదు, సగటు ఎంత ఊగుతుందో కూడా వస్తుంది. 1920ల్లో బిహార్–ఒరిస్సాలో హబ్బక్ అనే ఐసీఎస్ అధికారి వరి పొలాల్లో ఈ పని చేసి చూపించాడు. సరే, లెక్క కట్టి చూపిస్తా. నాలుగు చెక్కల్లో వడ్లు 14, 9, 12, 7 కిలోలు తూగాయనుకో.

బావ: సగటు పదిన్నర.

బావమరిది: ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు, చెక్క 25. కాబట్టి 162తో హెచ్చవేస్తే ఎకరాకు దాదాపు 1,700 కిలోలు.

బావ: అంటే చెక్కలో కిలో తేడా వస్తే ఎకరాకు 162 కిలోలు. రెండు బస్తాల పైనే. దుబ్బు అటో ఇటో లాగితే నా పంట మారిపోతది.

బావమరిది: ఇప్పుడు ఆ నాలుగూ సగటుకు ఎంత దూరంలో ఉన్నాయో చూద్దాం. మూడున్నర, ఒకటిన్నర, ఒకటిన్నర, మూడున్నర. వాటి వర్గాలు కూడితే 29. మూడుతో భాగిస్తే 9.67, వర్గమూలం 3.11. ఇది ప్రామాణిక విచలనం.

బావ: నాలుగు చెక్కలైతే మూడుతో ఎందుకు?

బావమరిది: సగటు కూడా ఆ నాలుగింట్లోంచే తీశాం గదా. మూడు తేడాలు తెలిస్తే నాలుగోది దానంతటదే తేలిపోతుంది. కొత్త సంగతి చెప్పేవి మూడే. ఇక సగటు ఊగిసలాట ఎంతో కావాలంటే 3.11ని నాలుగు వర్గమూలంతో, అంటే రెండుతో భాగించాలి. 1.55 వస్తుంది. దీన్ని ప్రామాణిక దోషం అంటారు. దాన్ని 3.18తో హెచ్చవేస్తే 4.95. పదిన్నరకు అటు 4.95, ఇటు 4.95. చెక్కకు 5.55 నుంచి 15.45 కిలోల దాకా. ఎకరాకు చెప్పాలంటే సుమారు 900 కిలోల నుంచి 2,500 కిలోల దాకా. ఇదే 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్.

బావ: తొమ్మిది క్వింటాళ్ల నుంచి ఇరవై అయిదు క్వింటాళ్లా! ఆ మాట చెప్పడానికి తాడెందుకు, మేకెందుకు? గట్టు మీద కూచొని నేనే చెప్తా. ఎండాకాలంలో విత్తనం పడకముందే చెప్తా.

బావమరిది: నాలుగు కోతలకు అంతకన్నా చెప్పే సత్తా లేదు బావా. అది నా లోపం అంటే ఒప్పుకోను, నాలుగు అన్న అంకె లోపం. పుస్తకంలో చాలామంది 1.96తో హెచ్చవేస్తారు. అట్లా చేస్తే అటూ ఇటూ మూడు కిలోలే వచ్చి కాగితం మీద అందంగా ఉంటుంది. కానీ 1.96 పనికొచ్చేది కోతలు చాలా ఉన్నప్పుడు, లేదా అసలు విచలనం ముందే తెలిసినప్పుడు. 1908లో డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ ఈ సంగతి బయటపెట్టాడు. పేరు దాచుకొని ‘స్టూడెంట్’ అని రాశాడు. కొద్ది నమూనాలున్నప్పుడు విచలనం కూడా అంచనాయే కాబట్టి ఇంకా ఎక్కువ జాగా వదలాలి. నాలుగుకు ఆ అంకె 3.18. దానికీ ఒక షరతుంది: ఊళ్లో దిగుబడులు మరీ ఒక పక్కకు ఒరిగిపోకుండా, గంట ఆకారానికి దగ్గరగా ఉండాలి.

బావ: సరే, తొమ్మిది నుంచి ఇరవై అయిదు. అంటే అసలు సగటు ఆ మధ్యలో ఉండటానికి 95 పాళ్లు అవకాశం. అంతేనా?

బావమరిది: ఇక్కడే మా పిల్లలందరూ తప్పుతారు. ఊరి అసలు సగటు ఒకటుంది. అది కదలదు. మనకు తెలియదు, అంతే. కదిలేది ఈ ఇంటర్వల్. రేపు పట్టిక వేరే నాలుగు పొలాలు ఎంచితే వేరే ఇంటర్వల్ వస్తుంది. అట్లా ఎన్నో సార్లు చేస్తే, వందకు తొంభై అయిదు ఇంటర్వల్స్ ఆ అసలు సగటును పట్టుకుంటాయి. మిగతా అయిదు తప్పిపోతాయి. 1937లో నేమన్ అనే గణాంకవేత్త దీన్ని ఇట్లాగే చెప్పాడు. 95 అన్నది పద్ధతికి ఇచ్చిన మార్కు. నీ చేతిలో ఉన్న ఈ ఒక్క ఇంటర్వల్ పట్టిందా తప్పిందా అన్నది అందులో లేదు.

బావ: ఎన్నో సార్లు కోసేదెవరు? మా ఊరు ఒక్కటే. ఈ ఏడు ఒక్కటే. నాలుగు చెక్కలు కోసిన తెల్లారే మిషను దిగి మిగతాదంతా కోసేస్తది. వంద సార్లు అన్న మాట నాకెందుకు పనికొస్తది?

బావమరిది: నీకు వంద సార్లు లేవు. కానీ...

బావ: బీమా కంపెనీకి ఉన్నయి. చెప్పు మరి.

బావమరిది ఇక్కడ కొంచెం ఆగాడు. నా లెక్కలో ఈ సంవాదానికి గుండెకాయ ఇదే. కంపెనీ ఒక్క సీజన్‌లో వేల యూనిట్లకు బీమా చేస్తుంది. ఒక ఊళ్లో సగటు ఎక్కువ పడి డబ్బు మిగిలితే, ఇంకో ఊళ్లో తక్కువ పడి ఇవ్వనక్కర్లేని డబ్బు ఇస్తుంది. ఎంపికలో మోసం లేకపోతే ఆ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నేమన్ చెప్పిన ‘ఎన్నో సార్లు’ కంపెనీ ఖాతా పుస్తకంలో నిజంగానే ఉన్నాయి. అడవి అంచు రైతు ఖాతాలో ఒక్క ఊరు, ఒక్క పంట, ఒక్క చీటీ. ఒకే అంకె ఇద్దరికీ న్యాయంగానే కనిపిస్తుంది, భారం మాత్రం ఒకరి నెత్తినే పడుతుంది.

బావమరిది: ఒప్పుకుంటా. కానీ తప్పు ఎప్పుడూ నీకు వ్యతిరేకంగానే పడదు. నష్టం లేని ఊరికి కూడా పరిహారం వచ్చే ఏళ్లుంటాయి.

బావ: అట్లా వచ్చిన ఏడు నేను నీ దగ్గరికి రాను.

బావమరిది: అది తెలుసు.

బావ: ఇంకోటి అడుగుతా. ఇరవై అయిదు క్వింటాళ్లు అన్నావు గదా పై అంచు. అంటే ఊళ్లో ఏ పొలంలోనూ అంతకన్నా పండదనా? చెరువు కింద ముప్పై పండించినోడున్నాడు.

బావమరిది: పొలాల గురించి నేనేమీ అనలేదు. సగటు గురించే అన్నా. కోతలు పెంచితే సగటు ఇంటర్వల్ ఇరుకవుతుంది, పొలాల మధ్య తేడా మాత్రం అట్లాగే ఉంటుంది. గోదారి సంగతే చూడు. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఏటా వచ్చే పెద్ద వరద మట్టాలకు సగటు కట్టు. యాభై ఏళ్ల లెక్కుంటే ఆ సగటు ఇంటర్వల్ చిన్నదే వస్తుంది. అది చూసి ఇల్లు కట్టుకుంటే 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 వచ్చింది. సగటు ఎంత కచ్చితంగా తెలిసినా గోదారి ఆ ఇరుకులో పారదు.

బావ: మరి పరిహారం లెక్కలో ఈ ఇంటర్వల్ ఎక్కడుంది?

బావమరిది: ఎక్కడా లేదు.

నిజంగానే లేదు. గడిచిన ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల దిగుబడికి సగటు తీసి, దాన్ని 70, 80 లేదా 90 శాతానికి కుదించి హామీ దిగుబడి అంటారు. ఈ ఏటి కోతల సగటు అంతకన్నా ఎంత తగ్గితే అంత నిష్పత్తిలో పరిహారం. రెండు అంకెలనూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి తీసివేస్తారు. ఆ హామీ దిగుబడి కూడా పాత కోతల సగటుల్లోంచి వచ్చిందే, దానికీ ఊగిసలాట ఉంటుంది. ఆ మాట కాగితం మీద ఎక్కడా కనపడదు.

బావ: హామీ 1,620 కిలోలనుకో. మన సగటు 1,700. ఎనభై కిలోలు ఎక్కువ. ఊరికి పైసా రాదు. నువ్వేమో 900 నుంచి 2,500 దాకా ఏదైనా కావచ్చంటున్నావు. పన్నెండు కిలోల చెక్కలో రెండున్నర కిలోలు తగ్గి ఉంటే ఊరంతటికీ డబ్బు పడేది. ఇట్లా తెలియనప్పుడు తెలియదని రాయాలి గదా?

బావమరిది: రాయాలి. నేను నివేదిక రాస్తే అట్లాగే రాస్తా. కానీ చెక్కు మీద ‘తెలియదు’ అని రాయలేరు బావా. ఇవ్వాలో వద్దో ఏదో ఒకటి తేల్చాలి.

బావ: తేల్చాలంటే కింది అంచు తీసుకోమను. 900 అని లెక్క కట్టి ఇవ్వమను.

బావమరిది: అట్లా చేస్తే ఎంత అధ్వానంగా కొలిస్తే అంత ఎక్కువ డబ్బు. నాలుగు చెక్కల్లో రెండు చెడగొడితే ఇంటర్వల్ సాగిపోతుంది, కింది అంచు దిగిపోతుంది. చెడగొట్టేవాళ్లు ఉండరంటావా?

బావ: ఉంటారు. మరి ఇప్పుడు నాలుగుతో సరిపెట్టి ఆదా చేసుకునేవాళ్లు లేరా?

బావమరిది దీనికి జవాబివ్వలేదు. నేనైతే బావ వైపే మొగ్గుతాను, కింది అంచు విషయంలో మాత్రం ఆయనతో పోలేను. కొలత సరిగ్గా లేని చోట కొలత పెంచమని అడగడం వేరు, అధ్వాన కొలతకు ఇనాం ఇమ్మనడం వేరు.

బావ: ఖమ్మం మిర్చి యార్డులో పొద్దున్నే జెండా పాట అవుద్ది. తెల్లారి పేపర్లో అదే రేటు. నా బస్తాలకు ఆ రేటు ఎన్నడన్నా వచ్చిందా? ఒక్క అంకె వేస్తే చాలు, జనం అదే అందరికీ అనుకుంటారు.

బావమరిది: అది సగటు కూడా కాదు బావా, మేలు సరుకుకు పాడిన పై ధర. దాన్ని నా నెత్తికి రుద్దకు. మన కోతల దగ్గరికి రా. నాలుగు కాక పదహారు కోస్తే, విచలనం ఇంతే ఉందనుకుంటే, చెక్కకు 8.84 నుంచి 12.16 వస్తుంది. అరవై నాలుగు కోస్తే 9.72 నుంచి 11.28.

బావ: హామీ చెక్కకు పది కిలోల లెక్క. అరవై నాలుగు కోసినా పది లోపలనే ఉంది! ఇంకా తేలలేదు.

బావమరిది: తేలలేదు. వెడల్పు సగం చేయాలంటే కోతలు నాలుగింతలు చేయాలి, వర్గమూలం చేసే పని అది. పై నుంచి ఉపగ్రహం చూసి చెప్పే దిగుబడిని కూడా కలుపుతున్నారు. 2023 ఖరీఫ్ నుంచి వరికి, గోధుమకు దానికి కనీసం 30 శాతం వాటా ఇవ్వాలన్నారు. దాని మంచిచెడ్డలు వేరే రోజు మాట్లాడుకుందాం.

బావ: ఇంత చదివారు గదా, ఆ నాలుగింట్లోంచే ఇంకా గట్టి అంకె పిండే సూత్రం ఏదీ లేదా?

బావమరిది: దానికి గట్టి జవాబు చెప్పినాయన మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదువుకున్నాయనే, సి.ఆర్. రావు. 1945లో కలకత్తాలో ఉండగా రాసిన వ్యాసంలో నిరూపించాడు. ఉన్న నమూనాలోంచి పక్షపాతం లేని ఏ సూత్రంతో అంచనా కట్టినా ఊగిసలాట ఒక హద్దు కిందికి దిగదు. ఇప్పుడు ప్రపంచమంతా దాన్ని క్రామర్–రావు హద్దు అంటారు. కొత్త సమాచారం తెస్తే తప్ప సూత్రం మార్చి సాధించేదేమీ లేదు.

బావ: కొత్త సమాచారమంటే నేను చెప్తా. 14, 12 వచ్చినవి చూడు, చెరువు కిందవే అయి ఉంటయి. 9, 7 వచ్చినవి అడవి అంచువి. నీళ్లు చివర్లో అందవు, పందులు పడతయి. అది మా ఊళ్లో పశువులు కాసే పిల్లోడికి కూడా తెలుసు.

బావమరిది: ఆ మాట కోతకు ముందే చెప్పి ఉంటే?

బావ: అడిగితే గదా చెప్పేది.

బావమరిది: అడిగామనుకో. ఊరు సగం చెరువు కింద, సగం అడవి అంచున ఉందనుకో. ముందే రెండు వర్గాలు చేసి, ఒక్కో దాంట్లో రెండేసి చెక్కలు చీటీ వేశాం. బరువులు అవే వచ్చాయి. ఇప్పుడు చెరువు కింద చెక్కల్ని చెరువు కింద సగటుతోనే పోలుస్తాం. 14, 12 మధ్య తేడా రెండు. 9, 7 మధ్య తేడా రెండు. ఒక్కో వర్గంలో విచలనం 1.41. లెక్క కడితే సగటు అదే పదిన్నర, ప్రామాణిక దోషం 1.55 నుంచి 0.71కి పడింది. హెచ్చవేసే అంకె 3.18 నుంచి 4.30కి పెరిగింది, వర్గానికి రెండే ఉన్నాయి కాబట్టి. అయినా మొత్తం మీద అటూ ఇటూ 4.95 ఉన్నది 3.04 అయింది.

బావ: అవే నాలుగు చెక్కలు. నా నోటి మాటతో అయిదు మూడయిందా?

బావమరిది: అయింది. ఇందులో నా గొప్పేమీ లేదు. కానీ బరువులు చూశాక ఇవి అక్కడివి, అవి ఇక్కడివి అని విడగొడితే అది దొంగలెక్క. ముందే జాబితా మీద గీత గీయాలి.

బావ: జాబితా అన్నావు గదా, అక్కడుంది అసలు తగాదా. చీటీ వేసేది సర్వే నంబర్ల మీద. పోడు పట్టా చేతిలో ఉన్నోడి భూమికి సర్వే నంబరుంటదా? అటవీ శాఖ కంపార్ట్‌మెంటు నంబరుంటది. 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కు పత్రం వచ్చింది, పంట పండుతాంది. కానీ రెవెన్యూ జాబితాలో లేకపోతే నీ పట్టిక ఆ పొలాన్ని ఎట్లా ఎంచుద్ది? నువ్వు ఎన్ని వేల సంఖ్యలు తిప్పినా, డబ్బాలో లేని చీటీ బయటికి రాదు.

బావమరిది: పంట నమోదులో పోడు కూడా రాస్తే...

బావ: రాస్తే. రాయని ఊళ్లో?

బావమరిది: రాయని ఊళ్లో నాలుగు చెక్కలూ చెరువు కిందనే పడతాయి. 14, 12, 13, 13 అనుకో. సగటు 13. విచలనం కిలో కూడా ఉండదు. ఇంటర్వల్ 11.7 నుంచి 14.3. మొదటి దాంట్లో నాలుగో వంతుకు కొంచెం పైన. పరీక్ష పేపర్లో అయితే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

బావ: ఊరి అసలు సగటేమో పదిన్నర అనుకో.

బావమరిది: దాని దరిదాపుల్లో కూడా లేదు. ఇంటర్వల్ చెప్పేది చీటీ వల్ల వచ్చే ఊగిసలాట ఒక్కటే. జాబితాలో లేని పోడు గురించి గానీ, తాడు లోపలికి లాగిన దుబ్బు గురించి గానీ, తేమతోనే తూచిన వడ్ల గురించి గానీ అది ఒక్క ముక్క చెప్పదు. కోతలు పెంచేకొద్దీ ఆ తప్పు చుట్టూ ఇంకా ఇరుగ్గా బిగుసుకుంటుంది.

బావ: అడవి అంచునోడి పంట పోయినా, చెరువు కిందోడి పదమూడు కిలోలే ఊరి మాట. మరి ఇంత ఇరుగ్గా ఉందని మీ పుస్తకం సంబరపడతదా?

బావమరిది: పుస్తకం పడుతుంది. అందుకే ఇంటర్వల్ చూసేముందు జాబితా చూడమంటాను.

ఇక్కడికి వాదన తగ్గి బేరం మొదలైంది. ఇద్దరూ కాగితం మీదికి వంగారు.

బావ: సగటుకు అటూ ఇటూ ఒక్క కిలో లోపల తేలాలంటే ఎన్ని కోతలు కావాలి?

బావమరిది: ఊరంతా ఒకే కుప్పగా తీసుకుంటే, 3.11 విచలనానికి నలభై. నీ రెండు వర్గాలు చేసి, 1.41 నిజమని నమ్మితే పదకొండు. కానీ ఆ 1.41 వర్గానికి రెండు చెక్కల్లోంచి తీసింది, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. పోయిన సీజన్ల చెక్కల బరువులు దొరికితే ఇంకా నిక్కచ్చిగా చెప్తా. సగటు ఒక్కటే ఇస్తే నేనేమీ కట్టలేను, ఒక్కో చెక్క బరువు విడివిడిగా కావాలి.

బావ: నలభై అంటే కుదరదు. కోత మిషను వారం రోజుల్లో ఊరు తుడిచిపెట్టి పోతది, అన్ని చోట్లకు తాడు పట్టుకొని ఎవరూ రారు. పదకొండైతే పొద్దున ఆరు, మాపటికి అయిదు, మేమే మనుషుల్ని పెట్టి దగ్గరుండి కోయిస్తాం.

బావమరిది: దగ్గరుండు. కొడవలి మాత్రం నువ్వు పట్టుకోకు.

బావ: పట్టుకోను. బరువులు అడుగుతా, జాబితా అడుగుతా. ఇంకేం కావాలి?

బావమరిది: చెరువు కింద ఎన్ని ఎకరాలు, అడవి అంచున ఎన్ని ఎకరాలు, అందులో పోడు ఎంత. సగం సగం అని నేను ఊహించి కట్టాను. అట్లా లేకపోతే పదిన్నర కూడా మారుతుంది.

బావ: సగం సగం ఎక్కడిది? అడవి అంచే ఎక్కువ. రాసుకో, గుంపు గుంపుకు చెప్తా.